బిల్లీ వైల్డర్ గదిలో రెండో కుర్చీ

(ఒక ఫిల్మ్ సొసైటీ నెలవారీ సమావేశంలో, సినిమా ప్రదర్శనకు ముందు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. మైకు గీపెడుతోంది కాబట్టి కాస్త దూరంగా నిలబడి మాట్లాడతాను. వెనక వరుసలవాళ్లకు వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

బిల్లీ వైల్డర్ గురించి తెలుగువాళ్లకు చెప్పడంలో ఒక సౌకర్యం ఉంది. జంట కవులంటే ఏమిటో మనకు ఎవరూ వివరించక్కర్లేదు. తిరుపతి వెంకట కవులున్నారు, పింగళి కాటూరి కవులున్నారు. తిరుపతి శాస్త్రిగారు పోయాక కూడా చెళ్లపిళ్ల వారు తన పుస్తకాల మీద ఇద్దరి పేర్లూ వేస్తూనే వచ్చారు. సినిమాలకొస్తే పరుచూరి సోదరులు సరేసరి. ఇద్దరు కూచుని ఒక మాట పుట్టించడం మనకు వింతేమీ కాదు.

వైల్డర్‌ది ఆ తెగే. 1942 నుంచి 1981 దాకా హాలీవుడ్ డైరెక్టర్‌గా 25 సినిమాలు తీశాడు. ఆరు ఆస్కార్లు గెలిచాడు. కానీ ఆ 25లో ఒక్క స్క్రిప్టు కూడా ఒంటరిగా రాయలేదు. ఆయన గదిలో ఎప్పుడూ రెండో కుర్చీ ఉండాలి. అందులో ఒక మనిషి ఉండాలి. ఇవాళ నేను చెప్పబోయేది ఎక్కువగా ఆ రెండో కుర్చీలో కూచున్నవాళ్ల గురించి. డైరెక్టర్ జీవితచరిత్ర చెప్పమంటే ఇదేమిటని అధ్యక్షులవారు అనుకోవచ్చు, చివరిదాకా ఓపిక పట్టండి.

ముందు గబగబా పుట్టుపూర్వోత్తరాలు. 1906 జూన్ 22న సుహా అనే చిన్న ఊళ్లో, యూదుల ఇంట్లో పుట్టాడు. అప్పుడది ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం, ఇప్పుడు పోలండ్. తండ్రి రైల్వే స్టేషన్లలో హోటళ్లు నడిపేవాడు. పెట్టిన పేరు శామ్యూల్. తల్లి చిన్నతనంలో కొన్నాళ్లు అమెరికాలో ఉండొచ్చింది. ఆవిడకు బఫెలో బిల్ కౌబాయ్ ప్రదర్శనంటే మహా ఇష్టం. అందుకని కొడుకును 'బిల్లీ' అని పిలుచుకుంది. అంటే అమెరికా ఆయనకు ముందు పేరులో దొరికింది, వీసా తర్వాత.

వియన్నాలో పత్రికా విలేకరి అయ్యాడు. ఇంటర్వ్యూ కోసం ఫ్రాయిడ్ ఇంటికి వెళితే, ఆయన విజిటింగ్ కార్డు చూసి 'తలుపు అటుంది' అన్నాడట. ఇది వైల్డర్ జీవితాంతం చెప్పుకున్న కథ. వైల్డర్ చెప్పిన కథల్లో ఎంత నిజం, ఎంత మసాలా అన్నది వేరే సంగతి. అక్కణ్నుంచి బెర్లిన్. డబ్బుల్లేక పెద్ద హోటల్లో అద్దె డాన్సరుగా పనిచేశాడు, అంటే ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లతో డబ్బు తీసుకుని డాన్సు చేయడం. సిగ్గుపడి దాచుకోలేదు సరికదా, ఆ అనుభవాన్నే సీరియల్‌గా పత్రికకు రాసి ఆ డబ్బూ పుచ్చుకున్నాడు! వేరేవాళ్ల పేరుతో మూకీ సినిమాలకు కథలు రాశాడు. 1930లో నలుగురైదుగురు కుర్రాళ్లు కలిసి, నటన తెలియని మామూలు మనుషులతో 'పీపుల్ ఆన్ సండే' అనే సినిమా తీశారు. దాని స్క్రిప్టు మీద వైల్డర్ పేరుంది. డైరెక్షన్‌కు రాబర్ట్ సియోడ్‌మాక్, ఎడ్గర్ ఉల్మర్, కెమెరా సాయానికి ఫ్రెడ్ జిన్నెమాన్. వాళ్లందరూ తర్వాత హాలీవుడ్‌లో తేలారు. కొందర్ని హిట్లర్ తరిమాడు మరి. 1933లో జర్మన్ పార్లమెంటు భవనం రైష్టాగ్ తగలబడ్డాక వైల్డర్ పారిస్ రైలెక్కాడు. 1934లో అమెరికా చేరాడు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. అప్పటికి ఆయన వయసు 27. చేసే పని రాత. వచ్చిన భాష జర్మన్. ఇంగ్లీషు దాదాపు రాదు. వేషాలు వేసేవాడైతే యాసతోనే బతకొచ్చు. ఆయన స్నేహితుడు పీటర్ లోరే అలాగే బతికాడు. కెమెరామన్‌కు భాషతో పనే లేదు. రాసేవాడికి భాష పోతే ఏం మిగులుతుంది? రేడియో పెట్టుకుని బేస్‌బాల్ కామెంటరీ, సీరియళ్లు వింటూ కూచున్నాడు. వలసొచ్చిన జర్మన్లు సాయంత్రాలు ఒకచోట చేరి సొంత భాషలో బాధలు చెప్పుకునేవాళ్లు. ఈయన అటు ఎక్కువ వెళ్లలేదు. యాస ఆఖరిదాకా పోలేదు. వినికిడి మాత్రం పదునెక్కింది. పరాయి భాషను చెవితో నేర్చుకున్నవాడికి ఒక లాభం ఉంటుంది. పుట్టుకతో వచ్చినవాళ్లు గమనించని తమాషాలు అతనికి వినపడతాయి.

వీసా కథ కూడా చెప్పాలి. వచ్చింది విజిటర్ వీసా మీద. గడువు తీరింది. వలసదారుగా మళ్లీ అడుగుపెట్టాలంటే దేశం దాటి వెళ్లి వీసా తెచ్చుకోవాలి. సరిహద్దు అవతల మెక్సికోలోని మెక్సికాలీ ఊరికి వెళ్లాడు. వీసా స్టాంపింగ్ టెన్షన్ ఎలా ఉంటుందో ఈ హాల్లో చాలామంది తల్లిదండ్రులకు తెలుసు. ఆయన చేతిలో ఉండాల్సిన కాగితాల్లో సగం కూడా లేవు. నాజీల జర్మనీ నుంచి తెప్పించుకోవడం కుదిరే పని కాదు. అమెరికన్ కాన్సుల్ కాగితాలు చూసి, 'ఏం పని చేస్తావు' అని అడిగాడు. 'సినిమాలు రాస్తాను' అన్నాడు వైల్డర్. కాన్సుల్ లేచి కాసేపు అటూ ఇటూ నడిచి, పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి, 'అయితే మంచివి రాయి' అన్నాడు. 1988లో ఆస్కార్లు ఇచ్చే అకాడమీ వాళ్లు థాల్‌బర్గ్ అనే గౌరవ అవార్డు ఇచ్చినప్పుడు వైల్డర్ స్టేజీ మీద చెప్పింది ఈ కథే.

ఇక రెండో కుర్చీ. మొదట కూచున్నది చార్లెస్ బ్రాకెట్. 1936లో పారమౌంట్ స్టూడియో వీళ్లిద్దర్నీ కలిపింది. ఏ పెళ్లిళ్ల పేరయ్యా కలపని జత. బ్రాకెట్ న్యూయార్క్ రాష్ట్రపు పెద్దింటి మనిషి, హార్వర్డ్‌లో లా చదివాడు, నవలలు రాశాడు, 'న్యూయార్కర్' పత్రికకు నాటక సమీక్షలు రాశాడు. రిపబ్లికన్. నెమ్మది మనిషి. వైల్డర్ ఒక్కచోట కూచోలేడు. చేతిలో బెత్తం ఊపుకుంటూ గదంతా తిరుగుతూ మాట్లాడతాడు. తిట్లు, జోకులు, వాటి మధ్యలో ఐడియాలు. వాటిని పట్టుకుని మంచి ఇంగ్లీషులో పెట్టడం బ్రాకెట్ వంతు.

మొదటి సినిమా ఎర్న్‌స్ట్ లూబిట్ష్ అనే డైరెక్టర్ కోసం రాశారు. హీరో, హీరోయిన్ ఎలా కలవాలి? అప్పటికే వైల్డర్ నోటుబుక్కులో ఒక ఐడియా ఉంది. బట్టల షాపులో మగవాడు పైజామా సూటులో చొక్కా ఒక్కటే కావాలంటాడు, కింది భాగం వేసుకోడట. షాపువాడు సగం అమ్మనంటాడు. ఇంతలో ఒకమ్మాయి వచ్చి 'నాకు కింది భాగమే కావాలి' అంటుంది. అయిపోయింది. ఇంక ఆ ఇద్దరి గురించి పరిచయ వాక్యాలు అక్కర్లేదు. లూబిట్ష్‌ను వైల్డర్ గురువుగా పెట్టుకున్నాడు. 'లూబిట్ష్ అయితే ఇదెలా చేసేవాడు' అన్న వాక్యాన్ని బోర్డు రాయించి ఆఫీసు గోడకు తగిలించుకున్నాడు. 1947లో లూబిట్ష్ పోయినప్పుడు, శ్మశానం నుంచి తిరిగొస్తూ వైల్డర్ 'ఇక లూబిట్ష్ లేడు' అన్నాడట. పక్కనున్న మరో డైరెక్టర్ విలియం వైలర్ 'అంతకంటే ఘోరం, ఇక లూబిట్ష్ సినిమాలు లేవు' అన్నాడట.

మరి రాసేవాడు డైరెక్టర్ ఎందుకయ్యాడు? ఒక బొద్దింక వల్ల. నవ్వకండి, నిజమే. 1941లో 'హోల్డ్ బ్యాక్ ద డాన్' అనే సినిమాకు బ్రాకెట్, వైల్డర్ స్క్రిప్టు రాశారు. హీరో చార్లెస్ బోయర్. అమెరికా వీసా కోసం మెక్సికో సరిహద్దు హోటల్లో పడి ఉన్న మనిషి పాత్ర. ఆ గది ఎక్కణ్నుంచి వచ్చిందో ఇందాకటి మెక్సికాలీ కథ విన్న మీకు చెప్పక్కర్లేదు. గోడ మీద బొద్దింక పాకుతుంటుంది. హీరో దాన్ని కర్రతో ఆపి, సరిహద్దు అధికారిలా 'ఎక్కడికి పోతున్నావు? నీ కాగితాలేవి?' అని అడగాలి. ఎంత మంచి సీనో చూడండి. బోయర్ మాత్రం, 'బొద్దింకతో మాట్లాడటమేమిటి, అది జవాబు చెప్పలేదు కదా' అని ఒప్పుకోలేదు. డైరెక్టర్ మిచెల్ లైసెన్ హీరో పక్షం. సీను పోయింది. వైల్డర్ మండిపడి, 'వాడు బొద్దింకతో మాట్లాడడా? అయితే ఎవరితోనూ మాట్లాడడు' అని మిగిలిన స్క్రిప్టులో బోయర్ మాటలు తెగ్గోశాడు. ఇక తన మాటల్ని తనే కాపాడుకోవాలని మెగాఫోన్ పట్టాడు. 1942లో మొదటి హాలీవుడ్ సినిమా, 'ద మేజర్ అండ్ ద మైనర్', జింజర్ రోజర్స్‌తో. షాట్ల సంగతి పెద్దగా తెలియదు కాబట్టి డోన్ హారిసన్ అనే ఎడిటర్‌ను సెట్లో పక్కనే పెట్టుకుని నేర్చుకున్నాడు. అక్కడా రెండో కుర్చీయే!

1944 నాటి 'డబుల్ ఇండెమ్నిటీ' దగ్గరికొచ్చేసరికి బ్రాకెట్ వెనకడుగు వేశాడు. పెళ్లాం, ప్రియుడు కలిసి ఇన్సూరెన్స్ డబ్బు కోసం మొగుణ్ని చంపే కథ. తనకు నచ్చలేదన్నాడు. నవల రాసిన జేమ్స్ కెయిన్ వేరే స్టూడియోలో పనిలో ఉన్నాడు. అప్పుడు డిటెక్టివ్ నవలల రేమండ్ చాండ్లర్‌ను తెచ్చి కూచోబెట్టారు. వయసు 55కి దగ్గర, సినిమా స్క్రిప్టు ఎలా ఉంటుందో కూడా చూడని మనిషి. పైగా తాగుడు మానడానికి అవస్థ పడుతున్నవాడు. వైల్డరేమో గదిలో బెత్తం ఊపుతూ, మధ్యలో ఆడవాళ్లకు ఫోన్లు చేస్తూ తిరిగే రకం. కొన్ని వారాలకు చాండ్లర్ పని మానేసి స్టూడియోకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. వైల్డర్ బెత్తం తన ముఖం ముందు ఆడించకూడదు, కిటికీ మూయమని హుకుం జారీ చేయకూడదు, ఇలాంటివి. వైల్డర్ క్షమాపణ చెప్పుకున్నాడు.

నాకు ఇందులో నచ్చే విషయం వేరే ఉంది. కెయిన్ నవలలోని డైలాగులు యథాతథంగా వాడుకుందామన్నాడు వైల్డర్. అవి చదవడానికే బాగుంటాయి, పలకడానికి పనికిరావు అన్నాడు చాండ్లర్. నటుల్ని పిలిచి చదివించి చూశారు. చాండ్లర్ మాటే నిజమైంది. కాగితం మీద మెరిసి, నోట్లో రాయిలా తగిలే డైలాగు ఎలా ఉంటుందో నాటకాలు వేసినవాళ్లెవరైనా చెప్తారు. ఇద్దరూ ఒకర్నొకరు భరించలేకపోయారు. కానీ ఆ జగడంలోంచి వచ్చిన స్క్రిప్టును ఇవాళ్టికీ సినిమా స్కూళ్లలో పాఠంగా చెప్తున్నారు. ఆ అనుభవం తన ఆయుష్షు తగ్గించి ఉంటుందనీ, స్క్రిప్టు రాయడం గురించి తను నేర్చుకోగలిగిందంతా అక్కడే నేర్చుకున్నాననీ చాండ్లర్ తర్వాత ఒక ఉత్తరంలో రాశాడు. సినిమాలో ఒకచోట ఆఫీసు గది బయట కుర్చీలో కూచుని పుస్తకం చదువుకుంటూ ఒకాయన కనిపిస్తాడు, అది చాండ్లరే. ఏడు ఆస్కార్ నామినేషన్లు వచ్చాయి, ఒక్కటీ గెలవలేదు.

మరుసటి ఏడాది బ్రాకెట్ తిరిగొచ్చాడు. 'ద లాస్ట్ వీకెండ్', ఒక తాగుబోతు రచయిత కథ. చాండ్లర్‌తో గడిపిన నెలలు ఆ కథ మీదికి మనసు మళ్లించాయని వైల్డరే చెప్పాడు. అంతకుముందు సినిమాల్లో తాగుబోతంటే కామెడీ. ఇందులో కాదు. నాలుగు ఆస్కార్లు వచ్చాయి. 1945లోనే అమెరికన్ సైన్యం తరఫున జర్మనీ వెళ్లి, నాజీ క్యాంపుల దృశ్యాలతో తయారైన డాక్యుమెంటరీ పని చూశాడు. ఆయన తల్లి, సవతి తండ్రి, అమ్మమ్మ ముగ్గుర్నీ నాజీలు పొట్టనపెట్టుకున్నారు. బఫెలో బిల్ పేరు పెట్టిన ఆ తల్లి. దాని గురించి ఆయన చాలా తక్కువ మాట్లాడాడు, నేనూ ఇక్కడితో ఆపుతాను.

1950లో 'సన్‌సెట్ బొలివార్డ్'. మూకీల నాటి పెద్ద తారను హాలీవుడ్ మర్చిపోతే, ఆవిడ పాడుబడ్డ బంగళాలో తన పాత సినిమాలు తనే వేసుకుని చూస్తుంటుంది. ఆ పాత్రకు నిజంగానే మూకీల తార అయిన గ్లోరియా స్వాన్సన్‌ను తెచ్చారు. ఆవిడ నౌకరు పాత్రకు ఎరిక్ ఫాన్ స్ట్రోహైమ్. ఒకప్పుడు స్వాన్సన్‌ను నిజంగా డైరెక్ట్ చేసినవాడు. బంగళా తెర మీద ఆడే పాత సినిమా వాళ్లిద్దరూ కలిసి చేసిన 'క్వీన్ కెల్లీ'. ఇంత నిర్దయగా, ఇంత ప్రేమగా పాత్రలకు మనుషుల్ని వెతకడం నేను ఇంకెక్కడా చూడలేదు. మొదట ఈ సినిమా శవాగారంలో మొదలయ్యేది. శవాలు ఒకదానితో ఒకటి కబుర్లు చెప్పుకుంటాయి. ఇల్లినాయిలో ప్రివ్యూ వేస్తే జనం పడీపడీ నవ్వారు. ఆ సీన్ కోసేసి, ఈతకొలనులో తేలే శవంతో మొదలుపెట్టారు. హాలీవుడ్ పెద్దలకు చూపించినప్పుడు ఎంజీఎం అధిపతి లూయీ మేయర్, అన్నంపెట్టిన పరిశ్రమ పరువు తీశావని వైల్డర్ మీద కేకలేశాడు. వైల్డర్ ఇచ్చిన జవాబు ఈ సభలో చెప్పేది కాదు.

ఆ సినిమాతోనే బ్రాకెట్‌తో తెగింది. పద్నాలుగేళ్ల జత. ఇక కలిసి రాయొద్దన్నది వైల్డరే. ఎందుకో తనకు అర్థం కాలేదని బ్రాకెట్ తర్వాత చెప్పుకున్నాడు. వైల్డర్ అగ్గిపెట్టె పోలిక చెప్పాడు. పుల్ల గీసిన ప్రతిసారీ మండుతుంది, మండుతుంది, ఒకరోజు చూస్తే పెట్టె పక్కన మందు అరిగిపోయి ఉంటుంది. పోలిక బాగానే ఉంది. కానీ పెట్టె ఎవరు, పుల్ల ఎవరు అని బ్రాకెట్ వైపు నుంచి ఆలోచిస్తే నాకు కొంచెం బాధేస్తుంది.

తర్వాత ఏడేళ్లు కుర్చీలో మనుషులు మారుతూ వచ్చారు. వార్త కోసం ఒక మనిషి ప్రాణంతో ఆడుకునే విలేకరి కథ, 'ఏస్ ఇన్ ద హోల్', బోల్తా కొట్టింది. నా లెక్కలో అది ఆయన అత్యంత ధైర్యమైన సినిమా, ఇవాళ టీవీ చానళ్లు చూసేవాళ్లకు కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదు. 'స్టాలాగ్ 17', 'సబ్రినా' ఆడాయి.

1957లో వచ్చాడు ఐ.ఎ.ఎల్. డైమండ్. పుట్టింది రుమేనియాలో, ఇప్పుడా ఊరు మోల్డోవాలో ఉంది. చిన్నప్పుడే బ్రూక్లిన్ చేరాడు. స్కూలు రోజుల్లో లెక్కల పోటీల్లో దిట్ట. పొడుగ్గా, మౌనంగా ఉండేవాడు. వైల్డర్ పది ఐడియాలు విసిరితే తొమ్మిదింటికి పలకడు. పదోదానికి 'వై నాట్' అంటాడు, కానీయ్ అన్నట్టు. ఆయన నోట అంతకుమించిన పొగడ్త రాలేదట. రోజూ పొద్దున ఆఫీసుకొచ్చి గుమాస్తాల్లా కూచుని రాసేవాళ్లు. 1981 దాకా 12 సినిమాలు.

ఆ 12లో నాకు మిన్న 'ది అపార్ట్‌మెంట్', 1960. ఇవాళ మనం చూడబోయేది. కథ బీజం చాలా ఏళ్ల నాటిది. ఒక ఇంగ్లీషు సినిమాలో ప్రేమికులు స్నేహితుడి గదిలో కలుసుకుంటారు. వైల్డర్ ఆలోచన ఆ ప్రేమికుల మీదికి పోలేదు, వాళ్లు వెళ్లాక వచ్చి ఆ పక్క మీదే పడుకోవాల్సిన స్నేహితుడి మీదికి పోయింది. సెన్సారు కాస్త సడలేదాకా ఆగాడు. హీరో జాక్ లెమన్ ఇన్సూరెన్స్ ఆఫీసులో చిన్న ఉద్యోగి, ప్రమోషన్ కోసం పైవాళ్లకు తన గది తాళం ఇస్తుంటాడు. ఆఫీసు హాలు చూడండి, అంతూపొంతూ లేకుండా కనిపిస్తుంది. ఆర్ట్ డైరెక్టర్ అలెగ్జాండర్ ట్రౌనర్ చేసిన కనికట్టు అది. వెనక్కి పోయేకొద్దీ బల్లలు చిన్నవి, కూచున్నవాళ్లు పొట్టివాళ్లు, చివర్లో పిల్లలు.

సమస్య ఎక్కడొచ్చిందంటే, తన గదికి బాసు తీసుకొచ్చే అమ్మాయి తను ఇష్టపడే లిఫ్టు అమ్మాయేనని హీరోకు తెలియాలి. ఎలా? ఎవరో చెప్పడమా, చాటుగా వినడమా? మన సినిమాల్లో అయితే తలుపు సందులోంచి చూస్తాడు. వీళ్లిద్దరూ ఒక చిన్న చేతి అద్దం కనిపెట్టారు. పగిలిన అద్దం గదిలో దొరికితే హీరో అమాయకంగా బాసుకు తిరిగి ఇచ్చేస్తాడు. తర్వాత క్రిస్మస్ పార్టీలో హీరో తన కొత్త టోపీ ఎలా ఉందో చూసుకోవడానికి ఆ అమ్మాయి తన అద్దం తెరిచి ఇస్తుంది. గాజు నిలువునా చీలి ఉంది. అతని ముఖం రెండు ముక్కలు. అద్దం పగిలిందంటాడు. తెలుసు, నాకిలాగే ఇష్టం, నా లోపల ఎలా ఉందో అలాగే కనిపిస్తాను, అంటుంది. అంతే. ఒక్క వస్తువు, రెండు వాక్యాలు. డైలాగు రచయితలుగా పేరుపడ్డ ఇద్దరు కలిసి, అతి ముఖ్యమైన చోట డైలాగును వీలైనంత తగ్గించారు.

ఆ సినిమాకు వైల్డర్ చేతికి మూడు ఆస్కార్లు వచ్చాయి. స్క్రిప్టు అవార్డు అందించిన నాటక రచయిత మాస్ హార్ట్ ఆయన చెవిలో, 'ఆపేయడానికి ఇదే సమయం, బిల్లీ' అన్నాడట. ఆపలేదు. బెర్లిన్‌లో 'వన్, టూ, త్రీ' తీస్తుంటే 1961 ఆగస్టులో ఊరి మధ్య గోడ లేచింది, సెట్టు మ్యూనిక్‌లో వేసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత 'ఇర్మా లా డూస్' ఒకటి బాగా ఆడింది. 'షెర్లాక్ హోమ్స్' సినిమాను స్టూడియో బాగా కత్తిరించేసింది. చివరి సినిమా గురించి మాట్లాడకపోవడమే ఆయనకు మర్యాద.

ఇక ఒక్క కథ చెప్పి దిగిపోతాను. 1959, 'సమ్ లైక్ ఇట్ హాట్'. మార్లిన్ మన్రోకు ఒక చిన్న వాక్యం కోసం 40కి పైగా టేకులు తీసుకున్న షూటింగ్ అది. వైల్డర్ విసిగిపోయి కూడా ఒక మాటన్నాడు. వియన్నాలో మా అత్తయ్య ఒకావిడ ఉంది, టైముకు వస్తుంది, డైలాగులన్నీ అప్పజెపుతుంది, కానీ ఆవిణ్ని చూడ్డానికి టికెట్టు ఎవడు కొంటాడు, అని. ఆ సినిమా చివర్లో, ఆడవేషంలో ఉన్న లెమన్ తనను పెళ్లాడతానంటున్న ముసలి కోటీశ్వరుడికి ఒక్కో సాకూ చెప్తాడు. ఏదీ పారదు. చివరికి విగ్గు పీకేసి, 'నేను మగాణ్ని' అంటాడు. దానికి ముసలాయన ఏమనాలి? షూటింగ్ దగ్గరికొచ్చేసింది, రాత్రయింది, ఇద్దరూ అలిసిపోయారు. 'నోబడీస్ పర్ఫెక్ట్' అన్నాడు డైమండ్. లోపం లేనిదెవరికి, అని. వైల్డర్‌కు అంత ఆనలేదు. ప్రస్తుతానికి పెట్టు, తర్వాత ఇంకా మంచిది ఆలోచిద్దాం, అన్నాడు. ఆలోచించారు, దొరకలేదు. అదే ఉండిపోయింది. ఆ వాక్యం డైమండ్‌దని వైల్డర్ అడిగిన ప్రతివాళ్లకూ చెప్పాడు.

1988 ఏప్రిల్‌లో వైల్డర్ థాల్‌బర్గ్ అవార్డు అందుకున్న పది రోజులకు డైమండ్ పోయాడు. వైల్డర్ 2002 మార్చి 27న, 95 ఏళ్ల వయసులో పోయాడు. లాస్ ఏంజెలెస్‌లోని వెస్ట్‌వుడ్ శ్మశానంలో ఆయన సమాధి రాయి మీద డైరెక్టర్ అని రాయలేదు. 'నేను రచయితను' అని ఉంది, దాని కింద 'అయినా, నోబడీస్ పర్ఫెక్ట్' అని. డైమండ్ వాక్యం.

ప్రొజెక్టర్ రెడీ అంటున్నారు. సినిమా రెండు గంటల అయిదు నిమిషాలు. ఫోన్లు ఆపేయండి. అద్దం సీన్లో దయచేసి ఎవరూ దగ్గొద్దు.